దానాపూర్ బండి ఎక్కిన మనవరాలికి

కాజీపేట,
కార్తీక మాసం

చిట్టీ,

నువ్వు పంపిన నోటుబుక్కు అందింది. నేను చదివాక మీ నానమ్మకు పైకి చదివి వినిపించాను. కాశీ గురించి రాసిన పుటలు ఆమె మళ్లీ మళ్లీ చదివించుకుంది. ఘాట్ మెట్ల మీద ఎవరో ముసలామె నీ చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగిందని రాసిన చోట కళ్లు తుడుచుకుంది.

మన రాష్ట్రం దాటి ఇంత దూరం వెళ్లడం నీకు ఇదే మొదలు. దసరా సెలవుల్లో సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కావు, మొఘల్‌సరాయిలో దిగావు, కాశీ చూశావు, ఆ తర్వాత ఆగ్రా, ఢిల్లీ. చూసింది చూసినట్టు రాశావు. కోపం వచ్చిన చోట కోపంగానే, భయం వేసిన చోట భయంగానే రాశావు. నాకు అదే నచ్చింది. కానీ చివరి పుటలో ‘ఈ దేశం ఇంతే, ఎప్పటికీ మారదు’ అని రాసి కింద రెండు గీతలు గీశావు. మిగతా పుటల్లో ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యొద్దు బిడ్డా. ఆ ఒక్క వాక్యం గురించే నీతో మాట్లాడాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు బండి సంగతి. స్లీపర్ బోగీలో నీ బెర్తు మీద ముగ్గురు కుర్రాళ్లు కూర్చున్నారని, నడిచే దారిలో, వాష్‌బేసిన్ కింద, మరుగుదొడ్డి తలుపు దగ్గర కూడా మనుషులేనని, డబ్బు పెట్టి రిజర్వేషన్ చేయించుకున్నవాళ్లకు విలువ లేదా అని రాశావు. నీ కోపం న్యాయమైనదే. రాత్రిపూట ఆడపిల్ల మరుగుదొడ్డికి వెళ్లడానికి అంతమందిని దాటుకుంటూ పోవాల్సి రావడం చిన్న ఇబ్బంది కాదు. ఇంకోసారి అలా అనిపిస్తే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చెయ్యి, మొహమాటపడకు. దూరప్రయాణమైతే పై బెర్తు తీసుకో.

అయితే వాళ్లెవరో, సరిగ్గా ఆ రోజుల్లోనే అంతమంది ఎందుకు ఎక్కారో నీ నోటుబుక్కులో లేదు. నా ఉద్యోగమంతా బండి చివరి పెట్టెలో గడిచింది. 2022లో మా హోదా పేరు మార్చి ట్రైన్ మేనేజర్ అన్నారు గానీ నా రోజుల్లో గార్డులమే. జనరల్ పెట్టెలు బండికి ముందు కొన్ని, వెనక కొన్ని తగిలిస్తారు కాబట్టి గార్డుకు అవే ఇరుగుపొరుగు. బల్లార్షాలో బండి ఆగగానే ఖాళీ సీసాలు పట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తే కుర్రాళ్లను చూస్తూ, చివరివాడు ఎక్కేదాకా ఆగి పచ్చ జెండా ఊపేవాణ్ని. వాళ్ల ముఖాలు నాకు బాగా తెలుసు. దసరా దాటితే దీపావళి, దీపావళి తర్వాత ఆరో రోజున ఛఠ్. మనకు సంక్రాంతి ఎంతో ఆ బీహారు కుర్రాళ్లకు ఛఠ్ అంత. తల్లి ఉపవాసం ఉండి నీళ్లలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తుంటే కొడుకు పక్కన లేకపోతే ఎలా? అందుకే ఆ వారాల్లో ఉత్తరానికి పోయే ప్రతి బండీ కిక్కిరిసిపోతుంది.

మరి ముందే బెర్తు చేయించుకోవచ్చు కదా అంటావు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబరు దాకా అది 120 రోజులు. స్లీపర్ పెట్టెలో పాతదైతే 72, కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టెలో 80 బెర్తులు. పండగ రోజులవి తెరిచిన కాసేపటికే నిండిపోతాయి. మీ కాలేజీ వాళ్లు సెలవుల పట్టిక ఏడాది మొదట్లోనే ఇచ్చారు, మీ నాన్న ఫోన్‌లో టికెట్టు కొన్నాడు. నీ బెర్తు మీద కూర్చున్న కుర్రాడికి సెలవు ఎప్పుడో చెప్పాల్సింది మేస్త్రీ. స్లాబు పని ముగిస్తే గానీ మేస్త్రీ పైసలు చేతిలో పెట్టడు. పైసలు చేతికొచ్చేసరికి పండక్కి నాలుగు రోజులే ఉంటాయి. అప్పుడు వాడికి మిగిలింది జనరల్ టికెట్టు. జనరల్ పెట్టెలో కాలు పెట్టే చోటు లేక నీ పెట్టెలోకి వచ్చాడు. నీ బెర్తు మీద కూర్చోవడం తప్పే, కాదనను. ఆ తప్పు ఎక్కడ మొదలైందో కూడా నువ్వు రాయాలని నా కోరిక.

ఆ కుర్రాళ్లు మనకు పరాయివాళ్లు కూడా కాదు. హైదరాబాద్ చుట్టూ లేస్తున్న అపార్టుమెంట్లలో ఇటుక మోసేది వాళ్లు. మన జిల్లాల బియ్యం మిల్లుల్లో బస్తా ఎత్తే హమాలీలు చాలావరకు వాళ్లే. 2020లో లాక్‌డౌన్ పెట్టాక కూలీలను ఊళ్లకు చేర్చడానికి దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు కదిలింది మన లింగంపల్లి నుంచే. మే 1 తెల్లవారుజామున దాదాపు 1,200 మందితో ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అదే నెలలో, అందరూ ఊళ్లకు పోతున్న రోజుల్లోనే, బీహారులోని ఖగడియా నుంచి కూలీలతో ఇంకో బండి మన లింగంపల్లికి వచ్చి ఆగింది. యాసంగి వడ్లు మిల్లులకు వచ్చిపడుతుంటే ఎత్తే చేతులు లేక మనమే పిలిపించుకున్నాం. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో పాత సామాన్ల గోదాము తగలబడింది. పైన నిద్రపోతున్న 11 మంది కూలీలు చనిపోయారు, అందరూ బీహారు వాళ్లు. నువ్వు బండెక్కిన స్టేషనుకు అంత దగ్గర్లోనే జరిగింది బిడ్డా అది.

నీ నోటుబుక్కులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన వాక్యం ఇటార్సీ దాటాక రాసినది. ‘ఎదురుగా ఉన్న అబ్బాయి సత్తు పిండి నీళ్లలో కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ పిండి నాకూ ఒక గ్లాసు ఇచ్చాడు, బాగుంది, పెద్దపల్లి దగ్గర పని చేస్తాడట.’ అంతే రాసి వదిలేశావు. వేయించిన శనగల పిండి అది. వాళ్ల ఊళ్లో అమ్మ విసిరి కట్టి పంపిందా, ఇక్కడ కొట్లో కొన్నాడా? పెద్దపల్లిలో ఏం పని? ఎన్నాళ్లకు ఇంటికి పోతున్నాడు? బక్సర్‌లో దిగాలా, ఆరాలోనా, దానాపూర్ దాకానా? నీ బెర్తు ఆక్రమించిన ముగ్గురి గురించి ఒకటిన్నర పుట రాశావు, నీకు గ్లాసు చేతికిచ్చినవాడికి ఒక్క వాక్యం ఇచ్చావు. వాళ్లంతా ఒక ఊరివాళ్లే అయి ఉండొచ్చు. (రైల్లో కొత్తవాళ్లిచ్చింది తినొద్దని, తాగొద్దని స్టేషన్లలో మైకులో చెబుతూనే ఉంటారు, అది ఉత్తి మాట కాదు. మత్తుమందు పెట్టి దోచుకున్న సంగతులు మా ఉద్యోగంలో విన్నాం. అందరి ముందూ కలిపి, తనూ తాగి, తర్వాత నీకిచ్చాడని రాశావు కాబట్టి సరే.)

ఇక కాశీ. మాలవీయ వంతెన మీద నుంచి మొదటిసారి గంగను చూసినప్పుడు ఏమీ రాయలేకపోయానన్నావు. 1887 నాటి వంతెన అది. కింద రైలు పోతుంది, పైన రోడ్డు. అటు నుంచి వచ్చేవాళ్లకు ఎడమచేతి వైపున నది వంపు వెంట ఘాట్లన్నీ ఒక్కసారిగా కనబడతాయి. రాయలేకపోయానని రాయడం కూడా రాయడమే. తర్వాతి పుటలు మాత్రం కటువుగా ఉన్నాయి. సందుల్లో చెత్త, మెట్ల మీద కుళ్లిన పూలు, సంకల్పం చెప్పించి అయిదు వందలు అడిగి, నూరు ఇస్తే తిట్టిన పండా, మురుగు కలిసిన నీళ్లలో మునిగి లేచి దండం పెడుతున్న జనం. ‘కళ్లుండీ చూడనివాళ్లు’ అన్నావు వాళ్లను.

1902లో గాంధీ కూడా ఇలాగే దేశం చూడడానికి బయలుదేరాడు. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. దక్షిణాఫ్రికాలో పేరు తెచ్చుకున్న బారిస్టరు. కలకత్తా నుంచి రాజ్‌కోట్‌కు పోతూ, మూడో తరగతి ప్రయాణికుల బాధలు తెలుసుకోవాలని ఆ పెట్టెలోనే ఎక్కాడు. పన్నెండణాల కాన్వాసు సంచి, ఒక కంబళి, ఒక చెంబు. ఆయన రాజకీయ గురువు గోఖలే స్వయంగా స్టేషనుకు వచ్చి సాగనంపాడు. ఒక డబ్బా నిండా పూరీలు, మిఠాయి ఉండలు ఇచ్చి పంపాడు. దారిలో కాశీ, ఆగ్రా, జైపూర్, పాలన్‌పూర్‌లలో ఒక్కోరోజు చొప్పున ఆగుతూ, ఎక్కువచోట్ల ధర్మశాలల్లోనో పండాల ఇళ్లలోనో దిగుతూ పోయాడు. మొత్తం ప్రయాణానికి రైలు ఖర్చుతో సహా 31 రూపాయలు దాటలేదని ఆత్మకథలో రాసుకున్నాడు.

కాశీలో ఆయన చూసింది నువ్వు చూసినదే. విశ్వనాథుడి గుడికి పోయే ఇరుకు సందు, జారే నేల, ముసిరే ఈగలు, కొట్లవాళ్ల కేకలు, గుడి లోపల కుళ్లి వాసన వేస్తున్న పూలు. జ్ఞానవాపి బావి దగ్గర కూర్చున్న పండాకు దక్షిణగా ఒక్క దమ్మిడీ ఇచ్చాడు. పండా మండిపడి, దాన్ని విసిరికొట్టి, నరకానికి పోతావన్నాడు. గాంధీ ఆ దమ్మిడీ తీసుకుని వెళ్లబోతే మళ్లీ పిలిచి ఇచ్చిపొమ్మన్నాడు! నువ్వు రాసిన పండా పుట చదివినప్పుడు నాకు వెంటనే ఇదే గుర్తొచ్చింది.

తర్వాత జరిగింది చూడు. 1915 జనవరిలో ఆయన ఈ దేశంలో ఉండిపోవడానికి తిరిగి వచ్చాడు. అప్పుడు గోఖలే ఆయన దగ్గర ఒక మాట తీసుకున్నాడు. ఏడాదిపాటు దేశమంతా తిరగాలి, కళ్లారా చూడాలి, చెవులారా వినాలి, దేశ వ్యవహారాల మీద అప్పటిదాకా అభిప్రాయం చెప్పకూడదు. మాట తీసుకున్న గోఖలే ఫిబ్రవరిలోనే పోయాడు. గాంధీ ఆ మాట నిలబెట్టుకున్నాడు. మళ్లీ మూడో తరగతిలోనే దేశం తిరిగాడు. ఏడాది గడిచాక, 1916 ఫిబ్రవరి 6న, ఎక్కడ నోరు విప్పాడనుకున్నావు? కాశీలోనే. హిందూ విశ్వవిద్యాలయం ప్రారంభోత్సవాల్లో, మహారాజులు, పెద్దమనుషులు కూర్చున్న సభలో, నీ ఈడు విద్యార్థుల ముందు విశ్వనాథుడి గుడి చుట్టూ ఉన్న మురికి గురించీ, రైలు పెట్టెల్లో ఉమ్మివేసే మన అలవాటు గురించీ మాట్లాడాడు. మన గుళ్లు, మన రైళ్లు, మన మురికి అన్నట్టే మాట్లాడాడు. సభలో గొడవ అయింది, ఉపన్యాసం పూర్తికాలేదు. 1902లో చూసిన సందు పద్నాలుగేళ్లు ఆయన లోపల ఉంది. ఈలోగా ఆ సందులో నడిచే మనుషులు ఎవరో, ఎక్కడి నుంచి ఏ పెట్టెలో కూర్చుని వస్తారో ఆయన తెలుసుకున్నాడు.

ఆ సందు ఇవాళ అలా లేదు కూడా. 2021 డిసెంబరు నుంచి గంగ ఒడ్డు నుంచి గుడిదాకా విశాలమైన దారి ఉంది. దానికోసం ఎన్నో పాత ఇళ్లు కూల్చారు. అది మంచిదని సంతోషించేవాళ్లూ, తాతల నాటి ఇల్లు పోయిందని బాధపడేవాళ్లూ అదే పేటలో ఉన్నారు. నువ్వు ఆ కొత్త దారిలో నడిచి, పక్కనే ఉన్న పాత సందుల్లో కూడా నడిచి వచ్చావు, ఆ రెండింటి తేడా నీ పుటల్లోనే ఉంది. అయినా ‘ఎప్పటికీ మారదు’ అన్నావు.

నీళ్లలో మునిగేవాళ్ల గురించి ఇంకొక్క మాట. వీరభద్ర మిశ్ర అని ఒకాయన ఉండేవాడు. సంకట్ మోచన్ ఆలయ మహంతు. అదే మనిషి కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో హైడ్రాలిక్స్ ప్రొఫెసరు. 1982లో సంకట్ మోచన్ ఫౌండేషన్ పెట్టి, తులసీ ఘాట్‌లో ప్రయోగశాల నడిపి, గంగ నీళ్లలో మలం నుంచి వచ్చే క్రిములు ఎన్ని ఉన్నాయో లెక్క కట్టించేవాడు. ప్రభుత్వం 1986లో గంగా యాక్షన్ ప్లాన్ మొదలుపెట్టినప్పుడు, అది ఎక్కడ పనిచేయడం లేదో అంకెలతో చూపించి పోరాడాడు. తెల్లవారితే అదే గంగలో స్నానం చేసేవాడు. 2013లో కన్నుమూశాడు. ఆ నీళ్లలో ఏముందో కాశీలో అందరికంటే కచ్చితంగా తెలిసిన మనిషి ఆయనే. మునగడం మానలేదు, కొట్లాట మానలేదు. నీ చెయ్యి పట్టుకుని దిగిన ముసలామెకు కూడా కళ్లున్నాయి తల్లీ. ఆమె ఏం చూస్తోందో నువ్వు అడగలేదు.

ఆగ్రా గురించి నువ్వు తక్కువే రాశావు. తాజ్‌మహల్ గురించి కంటే ఆవలి ఒడ్డున మెహతాబ్ బాగ్‌లో కలుపు తీస్తున్న ఆడవాళ్లతో మాట్లాడిన నాలుగు వాక్యాలు బాగున్నాయి. ఢిల్లీలో మెట్రో ఆడవాళ్ల పెట్టెలో రాత్రి తొమ్మిదింటికి భయం లేకుండా నిలబడ్డానన్నావు. దానాపూర్ బండిలో నువ్వు పడ్డ భయం, ఈ ధైర్యం ఒక్క ప్రయాణంలోనివే. రెండూ చూసినదానివి ‘ఇంతే’ అని ఎలా గీత గీశావు?

నువ్వు వెళ్లిన దారిలో నీకంటే దాదాపు రెండు వందల ఏళ్ల ముందు ఒక తెలుగువాడు పోయాడు. ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, దాదాపు నూరుమంది పరివారంతో, పల్లకీలో, హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్ మీదుగా ప్రయాగకు, కాశీకి చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిలో చూసినవన్నీ రాసి కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె అనే స్నేహితుడికి పంపుతూ వచ్చాడు. అవే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. మీ కాలేజీ లైబ్రరీలో దొరికితే చదువు. ఈ ఊరికి ఆ ఊరు ఎంత దూరం, అక్కడ మంచినీళ్లు దొరుకుతాయా, కొట్లున్నాయా, ఏరు దాటడం ఎలా, దిగడానికి చోటుందా, జనం ఎలా బతుకుతున్నారు అన్నవి ఓపికగా రాశాడు. ఆయనకూ నచ్చినవి, నచ్చనివి ఉన్నాయి, వాటినీ చెప్పాడు. కానీ ఆయన అభిప్రాయంతో మనకు పొత్తు కుదరని చోట కూడా ఆ బావి, ఆ కొట్టు, ఆ రేవు మనకు మిగిలే ఉన్నాయి. నీ నోటుబుక్కులో పండా అడిగిన డబ్బు రాశావు, బాగుంది. పడవవాడికి ఎంత ఇచ్చావో లేదు. కాశీలో పాండే హవేలీ వైపు తెలుగు బోర్డులు కనబడ్డాయని రాశావు, ఆంధ్ర ఆశ్రమంలో భోజనం చేశానన్నావు. ఎక్కడెక్కడి నుంచి వచ్చినవాళ్లు నీ పక్కన కూర్చున్నారో లేదు. ఇంకా మరిచిపోకముందే, వచ్చే ఆదివారం కూర్చుని ఇవన్నీ వేరే కాగితాల మీద రాసుకో.

తొందర ఎందుకంటే, రోజూ ఆ బండ్ల మీద తిరిగేవాళ్ల కళ్లకు మరుగుదొడ్డి పక్కన పేపరు పరుచుకుని పడుకున్న మనిషి అలవాటైపోతాడు. కాశీలో కాపురం ఉండేవాళ్లకు మెట్ల మీది పూలు అలవాటైపోతాయి. నీకింకా ఏదీ అలవాటు కాలేదు. రెండోసారి వెళ్లినప్పుడు నీ చూపు కొంచెం మారి ఉంటుంది. ఇప్పుడు కనబడిన కొన్ని అప్పుడు కనబడవు.

ఇంకో పని ఉంది నీతో. సంక్రాంతి సెలవులకు మన ఊరికి రా. అప్పటికి యాసంగి నాట్లు నడుస్తుంటాయి. మీ పెద్దనాన్న ఈ మధ్య నాట్లన్నీ బీహారు ముఠాకే ఎకరాకు ఇంత అని గుత్తకు ఇస్తున్నాడు. మన దగ్గర నాటు ఆడవాళ్ల పని కదా, వాళ్లలో మగవాళ్లే వేస్తారు. తాడు పట్టుకుని వెనక్కి నడుస్తూ చకచకా పోతారు. మన ఊరి ఆడవాళ్లకు దానివల్ల కైకిలి తగ్గింది, కొందరు కష్టపెట్టుకుంటున్నారు, అదీ నిజమే. నువ్వు ఆ ఆడవాళ్లతోనూ, ముఠాతోనూ మాట్లాడు. ముఠా మేస్త్రీని ఏ స్టేషన్లో ఎక్కాడో, ఏ పెట్టెలో వచ్చాడో, టికెట్టుకు ఎంతయిందో, ఛఠ్‌కు ఇంటికి పోగలిగాడో లేదో అడుగు. నీ హైదరాబాద్ హిందీ విని కాశీలో నవ్వారన్నావు. వీళ్లు మన మిల్లుల్లో, మన పొలాల్లో ఉండి ఆ మాటకు అలవాటు పడ్డారు, ఇబ్బందేమీ ఉండదు. పొద్దున్నే చలిలో మొదలుపెడతారు కాబట్టి ముందురోజు సాయంత్రం బండికే బయలుదేరు. నేను కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఉంటాను, ఇద్దరం కలిసి ఊరికి పోదాం. నోటుబుక్కు నా దగ్గరే ఉంది, అప్పుడు ఇస్తాను. ఖాళీ పుటలు ఇంకా చాలా ఉన్నాయి అందులో.

నానమ్మ సకినాలు చేస్తానంటోంది. చలికి స్వెట్టరు తెచ్చుకో.

ఆశీస్సులతో,
తాతయ్య